చూడండి అని చెప్పే ముందు

నచ్చినదాన్ని నలుగురితో పంచుకోవాలని కోరుకోవడం మనిషి సహజ గుణం. మంచి మామిడిపండు దొరికితే పొరుగింటికి రెండు పంపిస్తాం. మంచి వైద్యుడు తెలిస్తే ఊరందరికీ ఆయన పేరు చెబుతాం. టెలివిజన్ ధారావాహికల విషయంలోనూ ఇదే జరుగుతోంది. పెళ్ళి దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా, పండుగ మరునాడు బంధువుల ఇంటికి వెళ్ళినా, మాటల మధ్యలో ఎవరో ఒకరు "మీరింకా అది చూడలేదా?" అని ఆశ్చర్యపోతారు. ఆ వెంటనే కథ చెప్పడం మొదలుపెడతారు. వినేవారు మర్యాదకు తల ఊపుతారు. ఇంటికి వెళ్ళిన తరువాత చూసేవారు కొందరు, మరచిపోయేవారు కొందరు, మనసులో నొచ్చుకునేవారు ఇంకొందరు.

ఒక మనిషికి ఒక ధారావాహికను చూడమని చెప్పడమంటే అతని రాత్రులలో కొంత భాగాన్ని, అతని పిల్లల ఊహలలో కొంత చోటును అడగడమే. సలహా అమానత్ వంటిది. వ్యాపార విషయంలో, పెళ్ళి సంబంధం విషయంలో సలహా ఇచ్చేటప్పుడు మనం ఎంతో ఆలోచిస్తాం. వినోదం దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్తను గడప బయటే వదిలేస్తాం. ఈ నెల ఆ జాగ్రత్తను గురించి మాట్లాడుకుందాం. ఊరికే సూత్రాలు చెప్పుకుంటే ప్రయోజనం ఉండదు కనుక, మన ఇళ్ళలో చాలామందికి ఇష్టమైన, మాకూ ఇష్టమైన ఒక ధారావాహికనే ఉదాహరణగా తీసుకుంటున్నాం. అది తుర్కీ దేశపు 'ఎర్తుగ్రుల్'.

ఏమిటీ ధారావాహిక?

తుర్కీ భాషలో దీని పూర్తి పేరు 'దిరిలిష్: ఎర్తుగ్రుల్'. దిరిలిష్ అంటే పునరుజ్జీవనం. మెహ్మెత్ బోజ్‌దాగ్ రూపొందించిన ఈ ధారావాహిక ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ అయిన టి.ఆర్.టి.లో 2014 డిసెంబరు 10న మొదలై 2019 మే 29న ముగిసింది. మొత్తం ఐదు సీజన్లు, 150 భాగాలు. ఎర్తుగ్రుల్‌గా ఎంగిన్ అల్తాన్ దూజ్యతాన్, హలీమాగా ఎస్రా బిల్గిచ్ నటించారు. 13వ శతాబ్దంలో అనతోలియా ప్రాంతంలో మేత భూముల కోసం, నిలువ నీడ కోసం తిరుగుతున్న కాయీ అనే సంచార తెగ కథ ఇది. ఆ తెగ నాయకుని కుమారుడు ఎర్తుగ్రుల్. అతని కుమారుడు ఉస్మాన్ పేరు మీదనే తరువాతి కాలంలో ఉస్మానియా సల్తనత్ ఏర్పడింది.

పాకిస్తాన్ ప్రభుత్వ టెలివిజన్ దీనిని ఉర్దూలోకి అనువదించి 2020 ఏప్రిల్ 25న, రమజాన్ మొదటి రోజున, ప్రసారం ప్రారంభించింది. అప్పటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్ దీనిని చూడమని బహిరంగంగానే ప్రోత్సహించారు. అది లాక్‌డౌన్ కాలం. మస్జిదులలో జమాఅత్ లేక, బంధుమిత్రులతో ఇఫ్తార్ లేక, తరావీహ్ నమాజును ఇంటిల్లిపాదీ ఇంట్లోనే చేసుకున్న రమజాన్ అది. ఆ రోజులలోనే ఈ ఉర్దూ అనువాదం ఫోన్ల ద్వారా మన తెలుగు ముస్లిం ఇళ్ళలోకీ వచ్చింది. అందుకే చాలామందికి ఎర్తుగ్రుల్ అనగానే ఒక కథతో పాటు ఒక కాలం కూడా గుర్తుకు వస్తుంది.

మాకు ఎందుకు నచ్చింది?

ఎవరికైనా ఒకటి సిఫారసు చేసేటప్పుడు "చాలా బాగుంటుంది" అనే మాట దేనికీ పనికిరాదు. ఏది బాగుందో చెప్పగలగాలి. మాకు నచ్చినవి యుద్ధాలు కావు, కుటుంబ సన్నివేశాలు.

ఎర్తుగ్రుల్ తల్లి హాయ్మె పాత్రనే తీసుకోండి. ఆమె వంటింటి మూల కూర్చుని కన్నీరు పెట్టే తల్లి కాదు. తెగలోని స్త్రీలంతా ఉన్నికి రంగులద్ది, తివాచీలు నేసే పనికి ఆమె పెద్ద దిక్కు. ఆ తివాచీలు అమ్ముడుపోతేనే తెగకు ధాన్యం. కొడుకులు కత్తులు దూస్తుంటే ఆమె లెక్కలు చూస్తుంది, కోడళ్ళ మధ్య తగవులు తీరుస్తుంది, అవసరమైనప్పుడు తెగ పగ్గాలు చేపడుతుంది. ఆమె ముందు పెద్ద కొడుకూ చిన్న కొడుకూ సమానమే. తప్పు చేసినవాడు ఎవరైనా ఆమె చూపు తప్పించుకోలేడు.

తోడికోడలు సెల్జాన్ పాత్ర మరీ గొప్పది. ఆమె తండ్రికి ద్రోహ నేరం కింద మరణశిక్ష విధించినవాడు కాయీ తెగ నాయకుడే. అదే నాయకుని ఇంట ఆమె పెరిగింది, ఆ ఇంటికే కోడలయింది. లోపల రగిలే పగతో ఆమె చేసే కుట్రలు చూస్తే మొదట కోపం వస్తుంది. కానీ రచయిత ఆమెను దుష్టురాలిగా వదిలేయలేదు. తౌబా చేసుకున్న మనిషి మళ్ళీ నలుగురి నమ్మకం పొందడానికి ఎంత కష్టపడాలో, క్షమించినవారు కూడా లోలోపల ఎంతకాలం అనుమానిస్తారో ఓపికగా చూపించారు. మన కుటుంబాలలో ఒకసారి తప్పు చేసిన కోడలిని, ఒకసారి దారి తప్పిన కొడుకును జీవితాంతం అదే పేరుతో పిలుస్తూ ఉంటాం. అలాంటి ఇళ్ళలో ఈ పాత్ర గురించి ఒక గంట మాట్లాడుకుంటే మేలు జరుగుతుంది.

ఇక మూడవది, సంప్రదింపుల పద్ధతి. ఏ పెద్ద నిర్ణయమైనా గుడారంలో పెద్దలందరూ కూర్చుని చర్చించాకే జరుగుతుంది. నాయకునికి ఎదురు మాట్లాడేవారుంటారు. నిర్ణయం తమకు నచ్చనప్పుడు అలిగి వెళ్ళిపోయేవారూ ఉంటారు. బయటి శత్రువు కంటే లోపలి అసూయ తెగను ఎక్కువగా దెబ్బతీయడం కథ పొడవునా కనిపిస్తుంది. గొడ్డలి పట్టిన తుర్గుత్, రెండు కత్తుల బమ్సీ వంటి సహచరుల స్నేహం, బమ్సీ అమాయకపు మాటలకు ఇల్లంతా నవ్వుకోవడం వేరే చెప్పనవసరం లేదు.

తినే ముందు బిస్మిల్లాహ్ అనడం, గుడారంలోకి వస్తూ సలాం చెప్పడం, యుద్ధానికి వెళ్ళే ముందు తల్లి దుఆ తీసుకోవడం ఇందులో సహజంగా జరిగిపోతాయి. తెర మీద ముస్లిం పాత్ర కనిపిస్తే అతడు నేరస్థుడో హాస్యగాడో అయి ఉంటాడని అలవాటుపడిన మన పిల్లలకు ఇది కొత్త అనుభవం. ఆ ఆనందం మాకు అర్థమవుతుంది. అయితే ఆ ఆనందమే కొన్ని పొరపాట్లకు దారి తీస్తోంది.

చరిత్ర ఎంత? కల్పన ఎంత?

"చూడండి, మన చరిత్ర మొత్తం తెలుస్తుంది" అని సిఫారసు చేసేవారు చాలామంది. ఇది నిజం కాదు. ఎర్తుగ్రుల్ గురించి చరిత్రకు తెలిసినది చాలా స్వల్పం. ఆ కాలం గురించి దొరికే సమాచారం కొద్ది పేజీలకు మించదని బోజ్‌దాగ్ స్వయంగా చెప్పారు. ఉస్మాన్ వేయించిన ఒక నాణెం మీద తండ్రి పేరుగా ఎర్తుగ్రుల్ పేరు ఉంది. తుర్కీలోని సోగుత్ పట్టణంలో ఆయన సమాధి ఉంది. మనకు దొరికే ఉస్మానియా చరిత్ర గ్రంథాలు ఆయన తరువాత నూరేళ్ళకు పైబడిన కాలంలో వ్రాసినవి. ఆయన తండ్రి ఎవరన్న విషయంలో కూడా అవి ఏకాభిప్రాయంతో లేవు. ధారావాహికలో సులేమాన్ షా తండ్రిగా కనిపిస్తాడు. కొన్ని పాత గ్రంథాలలో మాత్రం తండ్రి పేరు గుందుజ్ అల్ప్ అని ఉంది.

ఇబ్న్ అరబీ విషయమూ అంతే. ఆయన 1165లో స్పెయిన్‌లోని ముర్సియాలో జన్మించి, 1240లో దమస్కస్‌లో మరణించిన సుప్రసిద్ధ పండితుడు. కొంతకాలం అనతోలియాలో నివసించిన మాట వాస్తవం. కానీ ఆయన ఎర్తుగ్రుల్‌ను కలిశారనడానికి చారిత్రక ఆధారం లేదు. సాదెద్దీన్ కోపెక్ అనే సెల్జూక్ అధికారి నిజంగానే ఉన్నాడు. పదవీ దాహంతో పలువురి ప్రాణాలు తీసి, 1238 ప్రాంతంలో తానూ హతమయ్యాడు. ఎర్తుగ్రుల్‌తో అతని వైరం మాత్రం కథకుల అల్లిక.

కల్పన ఉండడం తప్పు కాదు. పేరుకు నిజమైన మనుషులు, ఊహకు అందిన సంఘటనలు కలిపి కథ చెప్పడం అన్ని భాషలలోనూ ఉన్నదే. కల్పనను చరిత్రగా అమ్మడమే తప్పు. పదమూడేళ్ళ పిల్లవాడు బడిలో చరిత్ర మాస్టారు ముందు ఈ కథను సాక్ష్యంగా చెప్పి నవ్వులపాలైతే, ఆ బాధ్యత అతనికి అలా చెప్పిన పెద్దలదే. అందుకని సిఫారసు చేసేటప్పుడు ఒక్క వాక్యం చేర్చండి: "ఇది చరిత్ర ఆధారంగా అల్లిన కథ. కథగా చూడండి. ఆసక్తి కలిగితే చరిత్ర పుస్తకం వేరుగా చదవండి."

దాచకూడని విషయాలు

సంత వ్యాపారి తన సరుకులోని లోపాన్ని కొనేవానికి చూపించి అమ్మాలన్నది మన ధర్మం నేర్పిన నీతి. సిఫారసుకూ అదే వర్తిస్తుంది.

మొదటి లోపం నిడివి. తుర్కీ మూలంలో ఒక్కో భాగం దాదాపు రెండు గంటలు. 150 భాగాలంటే సుమారు 300 గంటలు. రోజుకు ఒక గంట చొప్పున చూసినా దాదాపు పది నెలలు పడుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో వీటినే చిన్న ముక్కలు చేసి 448 భాగాలుగా ఇచ్చారు. ప్రతి భాగం ఉత్కంఠ దగ్గరే ఆగుతుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ అర్ధరాత్రి దాటితే ఫజ్ర్ నమాజు ఎవరి ఖాతాలో పోతుంది? బిస్మిల్లాహ్‌తో మొదలయ్యే దృశ్యం చూసి ఫజ్ర్ పోగొట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

రెండవది హింస. తలలు తెగుతాయి, ఖైదీలను హింసిస్తారు, విషప్రయోగాలు జరుగుతాయి. "ఇస్లామీ సీరియల్" అన్న పేరు విని ఆరేళ్ళ పాపను ఒడిలో కూర్చోబెట్టుకుని చూసే ఇళ్ళు ఉన్నాయి. చిన్న పిల్లలకు ఇది తగదని చెప్పేవారే నిజమైన శ్రేయోభిలాషులు.

మూడవది మరింత ముఖ్యమైనది. ఈ కథలో ప్రతినాయకులలో చాలామంది టెంప్లార్ సైనికులు, బైజాంటియన్ కోటాధిపతులు, మంగోలు సేనానులు. అది ఎనిమిది శతాబ్దాల నాటి సరిహద్దు యుద్ధాల నేపథ్యం. కానీ చూసే పిల్లవాడు ఈనాటి గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉంటాడు. అతని పక్క బెంచీలో కూర్చునే మిత్రుడు క్రైస్తవుడు కావచ్చు, హిందువు కావచ్చు. తెర మీద శిలువ కనిపించగానే శత్రువు వచ్చాడని అనుకునే అలవాటు పిల్లవాని మనసులో పడితే, ఆ ధారావాహిక మన ఇంటికి మేలు చేసిందో కీడు చేసిందో ఆలోచించాలి. ఇది దాటవేయదగిన విషయం కాదు. పక్కన కూర్చున్న తండ్రి టీవీని ఒక్క నిమిషం ఆపి, "బేటా, వీళ్ళు ఆ కాలపు సైనికులు. మన జోసఫ్ అంకుల్‌కూ వీళ్ళకూ ఏ సంబంధమూ లేదు" అని చెప్పగలిగితే చాలు. ఆ తండ్రి లేని గదిలో, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఒంటరిగా చూసే పిల్లవానికి ఆ మాట ఎవరు చెబుతారు?

చూడనివారిని చిన్నబుచ్చవద్దు

ఉత్సాహం హద్దు దాటితే సిఫారసు కాస్తా పరీక్షగా మారుతుంది. "మీరు ముసల్మానై ఉండి ఎర్తుగ్రుల్ చూడలేదా?" అన్న మాట మేము చాలాచోట్ల విన్నాం. ఒక టెలివిజన్ ధారావాహిక ఎవరి ఈమాన్‌కూ కొలబద్ద కాదు. ఇందులోని సంగీతం, స్త్రీల చిత్రణ కారణంగా దీనిని చూడవద్దనే పండితులు ఉన్నారు. 2020లో ఈజిప్టు ఫత్వా మండలి అయిన దారుల్ ఇఫ్తా ఈ తరహా తుర్కీ ధారావాహికల వెనుక రాజకీయ ప్రయోజనాలు ఉన్నాయని హెచ్చరించింది. ఆ మాటను రాజకీయంగానే కొట్టిపారేసినవారూ ఉన్నారు. అసలు ఇంట్లో టీవీయే వద్దనుకున్న కుటుంబాలు మన మధ్య ఎన్నో. ఎవరి నిర్ణయానికి వారి కారణాలు ఉంటాయి. వారిని వాదించి ఒప్పించడం మన పని కాదు. అలాగే చూసేవారిని తక్కువగా చూడడం వారి పనీ కాదు.

కొందరికి మతపరమైన అభ్యంతరం ఉండదు, తీరికే ఉండదు. ఉదయం నాలుగు గంటలకు లేచి, రాత్రి పది గంటలకు వంటిల్లు సర్దుకునే కోడలికి "తప్పకుండా చూడమ్మా" అని చెప్పడం సులభం. ఆమె చూడాలంటే ఇంట్లో ఎవరో ఒకరు గిన్నెలు కడగాలి. నిజంగా ఆమె చూడాలని కోరుకునే అత్తగారు ముందు ఆ ఏర్పాటు చేస్తారు.

ఎవరికి, ఎలా చెప్పాలి?

ఒక చెల్లెలు అక్కతో రెండు విధాలుగా చెప్పవచ్చు. "ఆపా, మీరు వెంటనే ఈ సీరియల్ మొదలుపెట్టాలి. లింకు పంపించాను. రేపటికి ఐదు భాగాలు పూర్తి చేయండి." ఇది ఒక పద్ధతి. "ఆపా, మేము ఇంట్లో ఒక సీరియల్ చూస్తున్నాం. అందులో తల్లిని చూసినప్పుడల్లా మన దాదీ గుర్తుకొస్తారు. శుక్రవారం ఇషా తరువాత రండి, ఒక భాగం కలిసి చూద్దాం. నచ్చకపోతే ఆపేసి చాయ్ తాగుతూ కబుర్లు చెప్పుకుందాం." ఇది రెండవ పద్ధతి. మొదటిది ఆజ్ఞ, రెండవది ఆహ్వానం. ఆహ్వానంలో కాదనే స్వేచ్ఛ ఉంటుంది. ఆ స్వేచ్ఛ ఉన్నచోటే మనిషి మనసు విప్పి చూస్తాడు.

మనిషిని బట్టి మాట మారాలి. వ్యాపారం చేసే మామూకు తివాచీల బేరసారాలు, సంతలో మోసాలు, కారవాన్ దారుల భద్రత ఉన్నాయని చెప్పండి. పుస్తకాలు చదివే అమ్మాయికి సెల్జాన్ గురించి చెప్పండి. గుర్రాలూ కత్తులూ ఇష్టపడే కుర్రవానికి వేరే చెప్పనవసరం లేదు. అతనికి చెప్పవలసినది ఎప్పుడు ఆపాలో మాత్రమే.

భాష విషయం కూడా గమనించాలి. పాకిస్తాన్ అనువాదంలోని ఉర్దూ గంభీరమైనది. ఇంట్లో దక్కనీ మాట్లాడేవారికే కొన్ని మాటలు తెలియవు. ఇక తరతరాలుగా తెలుగే ఇంటి భాషగా ఉన్న మన కుటుంబాలు కోస్తాలోనూ, రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ఎన్నో ఉన్నాయి. వారికి లింకు పంపి చేతులు దులుపుకుంటే లాభం లేదు. పక్కన కూర్చుని తెలుగులో విడమరచి చెప్పేవారు కావాలి. ఉర్దూ బాగా వచ్చిన నానీ ఇంట్లో ఉంటే ఆ పని ఆమెకు అప్పగించండి. మనవలు ఫోన్ వదిలి నానీ పక్కన కూర్చోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ఆమె ఒక మాటకు అర్థం చెబుతూ తన బాల్యంలోని ఒక సంగతి కూడా చెబుతుంది. చాలాసార్లు ఆ సంగతే ధారావాహిక కంటే బాగుంటుంది.

మొదటి భాగాలు కొంత నెమ్మదిగా నడుస్తాయని ముందే చెప్పండి. నాలుగైదు భాగాల వరకు ఓపిక పట్టమని, అప్పటికీ మనసు లగ్నం కాకపోతే వదిలేయమని చెప్పండి. ప్రతిరోజూ "ఎంతవరకు వచ్చారు?" అని వాకబు చేయవద్దు. అది అప్పు వసూలులా ఉంటుంది. ముందు ఏమవుతుందో చెప్పి వారి ఆనందాన్ని దోచుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, వారికి ఇష్టమైనది మీరూ ఒకసారి చూడండి. కుమారుడు చెప్పే క్రికెట్ డాక్యుమెంటరీని, కుమార్తె చెప్పే వంటల కార్యక్రమాన్ని ఒక్కసారైనా చూడని తండ్రి, తన ఇష్టాన్ని మాత్రం ఇంటి మీద రుద్దితే అది సంప్రదింపు అనిపించుకోదు.

చూసిన తరువాత

ఒక ధారావాహిక మంచిదా కాదా అన్నది అది ముగిసిన తరువాత ఇంట్లో ఏమి మిగిలిందన్న దానిని బట్టి తెలుస్తుంది. గోడ మీద బొమ్మ కత్తి, ఫోన్‌లో రింగ్‌టోన్, తల మీద తుర్కీ టోపీ మాత్రమే మిగిలితే 300 గంటలకు అది చాలా తక్కువ ప్రతిఫలం. తివాచీ నేసే తల్లిని చూసిన తరువాత ఇంట్లో ఆడవారి శ్రమ లెక్కలోకి వచ్చిందా? గుడారంలో పెద్దల చర్చ చూసిన తరువాత మన ఇంటి నిర్ణయాలలో భార్యను, పెద్ద పిల్లలను అడుగుతున్నామా? సెల్జాన్ తౌబాను చూసి కన్నీరు పెట్టినవారు తమ వాకిలి తొక్కని తోబుట్టువుకు ఒక ఫోన్ చేశారా? కాయీ తెగ తన గుడారంలోకి పారిపోయి వచ్చిన అపరిచితులకు ఆశ్రయం ఇచ్చి ఎన్నో కష్టాలు పడింది. మన వీధిలోకి కొత్తగా అద్దెకు వచ్చిన కుటుంబానికి మనం ఒక గిన్నెడు బిర్యానీ అయినా పంపించామా?

వీటిలో ఒక్కదానికైనా అవునని జవాబు చెప్పగలిగినవారు ఆ ధారావాహికను ఇతరులకు చెప్పడానికి అర్హులు. వారు పెద్దగా చెప్పవలసిన అవసరం కూడా ఉండదు. మీ ఇంట్లో ఏదో మార్పు వచ్చిందే అని పొరుగువారే అడుగుతారు. అలా అడిగినవారికి చెప్పండి: ఇది కథ అని, పొడవైనదని, చిన్న పిల్లలకు కాదని, ఒంటరిగా కాక కలిసి చూడమని, నమాజు వేళకు ఆపేయమని. ఇంత చెప్పిన తరువాత కూడా వారు చూస్తామంటే, మొదటి భాగానికి మీ ఇంటికే పిలవండి.

మన కాలాన్ని, మన మాటను, మన సలహాను బాధ్యతతో వినియోగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.